నడిచే ఎక్కం

1932 జూన్ 14

ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. బడిలో నేర్పేది అరవం కాబట్టి తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తాత ఇసుకలో దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. ఈ నోటుపుస్తకం బడిలో బల్ల మీద తెరిచి పెట్టి వెళ్ళినా పరవాలేదు. తాళం అక్కర్లేదు.

ఇవాళ కోవిల్‌పట్టి నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఎలిమెంటరీ బడిలోనూ, తరగతి గది లోపలే, పాఠానికీ పాఠానికీ నడుమ పది నిమిషాలు పిల్లల చేత శరీరం కదిలించాలట. వచ్చే తనిఖీలో అది చూస్తారు. లేని బడికి గుర్తింపు తీసేస్తారు.

గది కొలిచాను. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. పిల్లలు ముప్పై నలుగురు. అందరూ ఒకేసారి చేతులు చాపితే ప్రతి చెయ్యీ ఇంకొకరి మొహం మీద ఉంటుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి కొలత రాసి ఉంచుకున్నాను. ఎవరూ అడగరు.

జూన్ 20

చెల్లమ్మాళ్ తల్లి గురువమ్మాళ్ వచ్చి గడప బయటే నిలబడింది. మూడో తరగతిలో ఉన్న ఒకే ఆడపిల్ల చెల్లమ్మాళ్. పదేళ్ళుంటాయి.

"వాద్యారే, కోవిల్‌పట్టి నుంచి తీపెట్టి ఫ్యాక్టరీ బండి మా వీది దాకా వస్తా ఉండాది. పక్కింటి పిల్ల పోతా ఉండాది. ఈ పిల్ల ఎనిమిదో ఎక్కం దగ్గరే రెండేండ్లుగా నిల్సిపొయ్యింది. పొంగలొచ్చే తై నెల దాకా సూస్తా. అప్పిటికీ రాలేదంటే బండెక్కించేస్తా."

"వస్తుందమ్మా" అన్నాను.

"నువ్వు సెప్తే సాలదు. అది సెప్పల్ల."

అగ్గిపెట్టెల బండికి గూడు కూడా కట్టారు, ఎండ తగలకుండా. మా బడికి ఇంకా పడమటి తలుపు లేదు.

జూలై 11

విరుదునగర్ నుంచి వచ్చాను. ఆరు రోజుల శిక్షణ. రెండు జిల్లాలకూ కలిపి ఒకే శిక్షకుడు, సుబ్రమణియన్ గారు. మెడలో విజిల్, కాళ్ళకు కాన్వాసు బూట్లు. ఒక పత్తి గిడ్డంగి ఖాళీ చేయించి అక్కడ జరిపారు.

మొదటి రోజు "కూర్చోవడం వల్ల పిల్లలు ఎలా చెడిపోతున్నారు" అనే విషయం మీద ఆయన రెండు గంటలు మాట్లాడారు. నలభై ఒక్క మంది వాద్యార్లం కూర్చుని విన్నాం. మిగతా రోజులూ అంతే. నా గడియారం ప్రకారం ఆరు రోజుల్లో మేము కదిలింది నలభై ఎనిమిది నిమిషాలు. భోజనానికి లేచింది కలపలేదు.

ఒక పుస్తకం ఇచ్చారు. అందులో బొమ్మ కుర్రాడికి బూట్లు, బెల్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. మా బడిలో నిండుగా చొక్కా ఉన్నవాళ్ళు తొమ్మిది మంది.

నా ఎడమ మోకాలు నొప్పి. ఆ సంగతి ముందే రాసిచ్చాను. అలా రాసిచ్చినవాళ్ళం పదిహేడు మందిమి తేలాం. మమ్మల్ని గోడ వారగా కుర్చీల్లో కూర్చోబెట్టి, చూసి నేర్చుకోమన్నారు.

స్టేషన్లో దిగి ఆరు మైళ్ళూ నడిచే వచ్చాను. వాన లేదు. దారి బాగుంది.

జూలై 13

పుస్తకంలో మొదటి పేజీ చేయించాను. "చేతులు పైకి" అంటే ఇరవై రెండు మంది ఎత్తారు. ఎనిమిది మంది ఆవలించారు. నలుగురు నిద్రపోయి ఉన్నారు.

బడి నడిచేది రంగప్ప నాయుడి పత్తి కొట్టంలో. ఆయన మధ్యాహ్నం వచ్చాడు.

"ఏమప్పా దామోదరసామీ, పిలకాయల్ని ఎగరబెడతా ఉండావంట?"

"సర్కారు ఉత్తరువు మామా."

"వాండ్లు కోడి కూస్తానే లేసి ఆవులెనక పరిగెత్తేది సాలదా? కొంచేపు ఒక తావున కూకోనీ అనే గదా బడికి పంపేది? ఈడ కూడా ఎగిరితే వాండ్లు ఎప్పుడప్పా కూకొనేది?"

సర్క్యులర్ ఇంకోసారి చదివాను. దీనికి జవాబు అందులో లేదు.

ఆగస్టు 10

వారం పాటు పిల్లల్ని అడిగి ఒక పట్టిక తయారు చేశాను. బడికి రాకముందు ఎవరెవరు ఏం చేస్తారు అని. మునియసామి: గొర్రెలు తోలడం, రానూపోనూ నాలుగు మైళ్ళు. అతని తమ్ముడు: పేడ ఎత్తడం, పదకొండు తట్టలు. చెల్లమ్మాళ్: ఎద్దులు నీళ్ళు తోడే రంగప్ప నాయుడి కపిల బావి దగ్గర నీళ్ళు మళ్ళించడం, తెల్లవారి నుంచి బడి గంట దాకా. ముప్పై నలుగురిలో ఊరికే కూర్చుని వచ్చేవాడు ఒక్కడే. వాడికి కాలు విరిగింది.

పట్టిక జతచేసి, మా బడికి ఈ కదలిక నుంచి మినహాయింపు ఇవ్వమని రాశాను.

సెప్టెంబరు 1

జవాబు వచ్చింది. కదలిక అంటే ఉపాధ్యాయుడు ఆజ్ఞ ఇస్తే, లెక్క పెడుతూ చేసేది. ఆజ్ఞ లేకుండా చేసినది పరిగణనలోకి రాదు. ఇకమీదట పట్టికలు నిర్ణీత నమూనాలోనే పంపవలెను.

సెప్టెంబరు 14

చెల్లమ్మాళ్ ఇవాళ ఆలస్యం. కిటికీ దగ్గరికి వెళ్ళాను. బావి బడికి ఇరవై గజాలే. రంగప్ప నాయుడి పాలేరు మునియప్పన్ ఎద్దుల్ని తోలుతున్నాడు. అవి పల్లపు బాటలో ముందుకు నడిస్తే తోలుబాన నీళ్ళతో పైకొచ్చి కాలవలో కుమ్మరిస్తుంది. తిరగకుండా అలాగే వెనక్కి నడిస్తే బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. వాడు బానకొక మాట చొప్పున పాడుతున్నాడు. మొదటి బానను మన కళ్ళాల్లో వడ్లు కొలిచేటప్పుడు అన్నట్టు "లాభం" అంటాడు, ఒకటి అనడు.

మడికి ఎనిమిది బానలు. ఎనిమిది కాగానే చెల్లమ్మాళ్ ఆ మడికి నీళ్ళు పారే వాయి మూసి, పక్క మడికి నడిచి, వాయి తెరిచి, మొత్తం ఎన్ని బానలో వాడికి కేక వేస్తుంది.

"నలబై ఎనిమిదీ!"

"సరే బుజ్జీ!"

ఇంకో మడికి నడిచింది.

"యాబై ఆరూ!"

నేను కిటికీ ఊచ పట్టుకుని అలాగే ఉన్నాను. రెండేళ్ళుగా ఈ పిల్లకు నేను బెత్తంతో చెప్పిస్తున్నది ఇదే ఎక్కం.

బడికి వచ్చాక కూర్చోబెట్టి అడిగాను. "ఏడెనిమిదులు?"

నేల చూపులు.

"ఏడో మడి కట్టినాక ఎన్ని బానలు?"

"నడవచ్చునా సారూ?"

"నడువు."

లేచింది. గోడ నుంచి ఏడు అడుగులు వేసింది. "యాబై ఆరు."

సెప్టెంబరు 16

తరగతి మొత్తం చేత చేయించాను. వరసకు ఐదుగురు. అడుగుకొక మడి. మొదటి అడుగుకు ఎనిమిది, రెండో అడుగుకు పదహారు. పది అడుగులకు ఎనభై, గది చివర. వెనక్కి రావాలి కదా, తిరగమన్నాను. చెల్లమ్మాళ్ తిరగలేదు. ఎద్దుల్లాగే వెనక్కి వెనక్కి నడిచింది, లెక్క కూడా వెనక్కి చెప్పుకుంటూ: డెబ్బై రెండు, అరవై నాలుగు, యాబై ఆరు. మిగతావాళ్ళు ఆ పిల్లను చూసి అలాగే చేశారు. ఎక్కాన్ని కిందికి చెప్పగలిగిన పిల్లవాణ్ణి ఈ తాలూకాలో నేను చూడలేదు. నేనూ చెప్పలేను.

ఒక్కరూ నిద్రపోలేదు.

పిల్లలు మునియప్పన్ కేకలు కూడా నేర్చుకున్నారు. ముప్పై నలుగురూ ఒక్క గొంతుతో "హోయ్ వెనక్కొ!" అన్నారు. కిటికీ అవతల బాన ఇంకా సగం దారిలో ఉంది. ఎద్దులు కేక విని వెనక్కి నడిచాయి. బాన బావి గోడకు కొట్టుకుని చిరిగింది.

రంగప్ప నాయుడు తలగుడ్డ కూడా చుట్టుకోకుండా వచ్చాడు.

"ఏందప్పా ఇది? మా పిలకాయల్ని ఎద్దులు సేస్తివి. మా ఎద్దులకు నువ్వు వాద్యారు అయితివి!"

వెనక నుంచి మునియప్పన్ అన్నాడు: "నాయనా, నా మాట కంటే పిలకాయల మాటే బాగా వింటాయి. వీండ్లనే కపిలకు పంపిద్దామా?"

"నువ్వు నోరు మూసుకోరా."

ఒప్పందం కుదిరింది. కపిల ఆగాకే మా కదలిక, పొద్దున పది తర్వాత. "వెనక్కొ" అనకూడదు. తోలుబాన నేనే కుట్టించి ఇవ్వాలి.

సెప్టెంబరు 30

కొత్త పద్ధతి గురించి కోవిల్‌పట్టికి నివేదిక రాశాను, నిర్ణీత నమూనాలో. "పద్ధతిని కనుగొన్నవారు" అని ఒక గడి ఉంది. ముందు చెల్లమ్మాళ్ అని రాశాను. మూడో తరగతి పిల్ల పేరు రాస్తే ఆఫీసులో నివేదిక పక్కన పడేస్తారు. బడి మేలు కోరే, నా పేరు రాశాను.

అక్టోబరు 12

బడి మేలు కోరే.

నవంబరు 9

మునియప్పన్ కపిల ఆపాక కిటికీ దగ్గర నిలబడి పాడుతున్నాడు, పిల్లలు నడుస్తున్నారు. నేను కుర్చీలోంచి చూసుకుంటున్నాను. మోకాలు.

పిల్లలు తొమ్మిదో ఎక్కానికి వచ్చారు. తొమ్మిది బానల మడి ఈ లోకంలో లేదని మునియప్పన్ వాదించాడు. పెద్ద మడి అనుకోరా అన్నాను.

1933 జనవరి 18

తై నెల వచ్చింది. గురువమ్మాళ్ కూడా వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి.

చెల్లమ్మాళ్ పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి నడిచింది. తల్లికి లెక్క తెలీదు. పిల్ల ఎక్కడా ఆగకపోవడం మాత్రం చూసింది.

"సరే. బడిలోనే ఉండనీ" అంది. పోతూ నాతో, "అది పొయ్యి కాడ కూడా ఇట్లే వెనక్కి నడస్తా ఉండాది వాద్యారే. నిన్న సంగటి కుండ మీద పడబొయ్యింది" అంది.

ఇది నివేదికలో రాయలేదు.

ఫిబ్రవరి 7

తనిఖీ అయింది.

డిప్యూటీ ఇన్స్పెక్టర్ రాజగోపాలన్ గారు ఎనిమిదిన్నరకే వచ్చారు. రంగప్ప నాయుడు ఈ ఒక్కరోజుకు కపిల ఆపించి, తలగుడ్డతో వచ్చి కూర్చున్నాడు. పిల్లలు నడిచారు. ముందుకు ఎనభై దాకా. వెనక్కి ఎనిమిది దాకా. ఒక్కరూ తల తిప్పలేదు, ఒకరికొకరు తగల్లేదు.

రాజగోపాలన్ గారు కుర్చీలోంచి లేచారు. "ఇది మిలిటరీ పద్ధతి! తిరగకుండా వెనకడుగు! మీరు పట్టాళంలో పనిచేశారా?"

"లేదండీ."

రంగప్ప నాయుడు నోరు తెరిచాడు. నేను ఆయన వైపు చూశాను. మూసుకున్నాడు.

"మరి ఎక్కడ నేర్చారు?"

"ఆలోచించానండీ."

అవి మిలిటరీ అడుగులు కావు, ఎద్దుల అడుగులే అని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. వెనక వరసలో చెల్లమ్మాళ్ నన్నే చూస్తోంది.

"మీరు ఒకసారి చేసి చూపించండి."

"క్షమించాలి. కుడి మోకాలు నొప్పి."

ఆయన పుస్తకంలో చాలాసేపు రాశారు. గుర్తింపు ఖాయం. అంతే కాదు, మార్చి మొదట్లో విరుదునగర్‌లో జరిగే శిక్షణలో ఆరు రోజులూ ఈ పద్ధతి నేనే చెప్పాలి.

ఆయన పోయాక రంగప్ప నాయుడు అడిగాడు: "పట్టాళమంటనా? నా ఎద్దులకు ఈ సంగతి సెప్పాల్నా వద్దా?"

ఫిబ్రవరి 20

ఉత్తరువు వచ్చింది. నా పేరు అచ్చులో ఉంది. ఒక అక్షరం తప్పు పడింది, అయినా నాదే అని తెలుస్తుంది.

మార్చి 3

వాద్యారు ఒక్కడే ఉన్న బడి. నేను వెళితే మూయాలి. సోమవారం నుంచి శనివారం దాకా సెలవు అని నల్లబల్ల మీద రాశాను.

"సారూ, ఆరు నాళ్ళు మేమేం సెయ్యల్ల?" అంది చెల్లమ్మాళ్.

"ఇళ్ళల్లో కూర్చుని ఎక్కాలు వల్లించండి."

మునియప్పన్ సాయంత్రం వచ్చాడు. "తాళంచెవి నా దగ్గర ఇచ్చి పో సామీ. పొద్దున కపిల ఇడిసినాక నేను పాడతా, పిలకాయలు నడస్తారు. బడి మూసేదెందుకు?"

నీకు సర్టిఫికెట్ లేదు, రూలు ఒప్పుకోదు అన్నాను. నిజంగానే ఒప్పుకోదు. రూళ్ళ పుస్తకం చూసి మరీ చెప్పాను.

"సర్టిపికెట్ ఎద్దులకు ఉండాదా?" అన్నాడు. నవ్వేసి తాళం వేశాను.

మార్చి 11, విరుదునగర్

పూర్తయింది. నలభై నాలుగు మంది వాద్యార్లు. మొదటి రోజే నడిపిద్దామనుకున్నాను. గిడ్డంగిలో పత్తి మూటలు వచ్చి పడ్డాయి, చోటు లేదు. పైగా విషయం ముందు అర్థం కావాలి. అందుకని ఉపన్యాసంతో మొదలుపెట్టాను. రెండు గంటలు పట్టింది. అందరూ కూర్చుని విన్నారు. మిగతా రోజులూ అలాగే సాగింది. నల్లబల్ల మీద అడుగులకు బొమ్మలు గీశాను. సుబ్రమణియన్ గారు విజిల్ నాకు ఇచ్చి ఫొటో తీయించారు.

మోకాలు నొప్పి అని రాసిచ్చినవాళ్ళు ఈసారి పందొమ్మిది మంది. వాళ్ళకు గోడ వారగా కుర్చీలు వేయించాను.

ఎవరో వెనక నుంచి అడిగారు, "అయ్యా, ఒక్కసారి నడిచి చూపిస్తారా?" రేపు అన్నాను. అది ఆఖరి రోజు.

మార్చి 13

హాజరు ముప్పై మూడు.

మధ్యాహ్నం గురువమ్మాళ్ ఇంటికి వెళ్ళాను. తిరగలి దగ్గర ఉంది. లేవలేదు.

"బడి మూసేస్తివి గదా వాద్యారే. ఆరు నాళ్ళు సుమ్మా ఊరికే ఎందుకు ఉండల్ల అని బండిలో పంపినా. తిరిగి వస్తాదనే అనుకొన్నా."

"మరి?"

"ఆడ పనోళ్ళను సూసే కంగాణి అడిగినాడంట, ఎవురికి కణక్కు తెలుసు అని. ఇది బండి పక్కనే పది అడుగులు నడిసి ఎనిమిదో ఎక్కం సెప్పిందంట. అట్లే వెనక్కి కూడా సెప్పిందంట. వాడు బిత్తరపొయ్యి, ఈ పిల్లను పుల్లల సట్రాలు లెక్క పెట్టను ఉంచుకొంటాం అన్యాడు. మిగతా పిలకాయలకు దొరకని పని వాద్యారే. ఇడిపించేదెట్ల?"

నేను వీధి వైపు తిరిగాను.

"నువ్వు సెప్పిచ్చిన సదువే" అంది. మంచి మాటగానే అంది.

మార్చి 14

మోకాలు నొప్పిగా ఉంది.

మార్చి 18

నివేదిక ఇవ్వడానికి కోవిల్‌పట్టి వెళ్ళాను. ఫ్యాక్టరీ దారిలోనే ఉంది. దారిలో లేదు, రెండు వీధులు తిరిగి వెళ్ళాను.

పొడుగాటి కొట్టం. తలుపులు తీసే ఉన్నాయి. నేల మీద వరసలుగా పిల్లలు కూర్చుని చట్రాల్లో పుల్లలు పేరుస్తున్నారు. లెక్కబెట్టాను: నాకు కనిపించినంత మేర అరవై ఇద్దరు. మా గదికంటే ఒక్కొక్కరికి చోటు తక్కువ. చివర ఒక పీట మీద చెల్లమ్మాళ్, పక్కన చట్రాల దొంతర.

నన్ను చూసి నవ్వింది. లేవలేదు.

"లేసి రాకూడదు సారూ. లేస్తే కంగాణి తిడతాడు. ఈడ అందురూ కూకోనే ఉండల్ల."

"నడవకుండా లెక్క వస్తోందా?"

కంగాణి వైపు చూసి, గొంతు తగ్గించి, "వస్తా ఉండాది" అంది. పావడా అంచు కొద్దిగా జరిపి చూపించింది. పీట కింద కుడికాలి బొటనవేలు మట్టిలో గీతలు గీస్తోంది. చట్రం దొంతరకు ఒక గీత, ముందుకు. పదో గీత దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి వేలు వెనక్కి వచ్చింది.

"మునియప్పన్ మామ పాడతా ఉండాడా?" అంది.

పాడుతున్నాడని చెప్పాను. ఆరు రోజులుగా కిటికీ దగ్గరికి రావడం లేదని చెప్పలేదు.

ఆఫీసులో రాజగోపాలన్ గారు లేరు. గుమస్తా నివేదిక తీసుకుని ఒక వార్త చెప్పాడు. నా పద్ధతిని అచ్చు వేయించి రెండు జిల్లాల బడులకూ పంపుతారట. మొదటి పేజీలో బొమ్మ కుర్రాడు ఉంటాడట. బూట్లతో.

మార్చి 20

హాజరు ముప్పై మూడు. చెల్లమ్మాళ్ పేరు ఇంకా కొట్టివేయలేదు. నెలాఖరు దాకా ఉంచవచ్చు, రూలు ఒప్పుకుంటుంది.

పొద్దున బావి దగ్గరికి వెళ్ళి మునియప్పన్‌ను పిలిచాను. "నాకు సర్టిపికెట్ లేదు సామీ" అన్నాడు ఎద్దుల వైపు చూస్తూ. రెండోసారి పిలిచాను. మూడోసారికి వచ్చాడు.

కుర్చీ తీసి గది బయట పెట్టాను. పిల్లల్ని గోడ వారగా కూర్చోమన్నాను. మునియప్పన్ "లాభం" అనగానే నేను మొదటి అడుగు వేశాను. ఎనభై దాకా సరిగ్గా వెళ్ళాను. వెనక్కి రావడంలో అరవై నాలుగు తర్వాత ఏమిటో తట్టలేదు. ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయాను. మునియసామి తమ్ముడు గట్టిగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఎవరూ సంఖ్య అందించలేదు. అందించే పిల్ల కూర్చునే చోటు వైపు అందరం ఒకసారి చూశాం.

మళ్ళీ మొదటి నుంచి నడిచాను. మూడోసారికి గోడ దాకా వెనక్కి వచ్చాను.

మోకాలికి ఏమీ కాలేదు. రెండింటికీ.